ఉతికిన ఊలు

పాత ఊలు బట్టలు విప్పి కొత్తవి అల్లడం ఈమధ్య గొప్ప విద్య అయిపోయింది. బరంపురంలో మా మేడ మీద ఆదివారాలు నేనే నేర్పుతుంటాను. కుట్లు విప్పడం, పోగు లాగడం, ఉతకడం, బరువు కట్టి ఆరేయడం, ఉండ చుట్టడం. ఉతకడం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కటువుగా మారుతుందట. మారుతుంది మరి.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా మేనత్త, అంటే నాన్న అక్క, కొడల అనే ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. మామయ్య పోయాడు, పిల్లల్లేరు, అత్తవారు మర్యాదగానే సాగనంపారు. మాలో పోయినవారి బట్టలు చాకలికి ఇచ్చేస్తారు. అత్త అన్నీ ఇచ్చేసి, ఆయన కోసం తన చేత్తో అల్లిన మెరూన్ స్వెటర్ ఒక్కటి దాచుకుంది. మోచేతుల దగ్గర చిరిగిపోయింది. దిండు గలీబులో పెట్టుకునేది. మధ్యాహ్నాలు తలుపు చేరవేసి, దాన్లో ముఖం పెట్టుకుని పడుకునేది.

మా స్కూలు స్వెటర్ రంగు కూడా మెరూనే. గేట్ బజార్లో మాకు బట్టల కొట్టుంది, కాబట్టి కొనలేక కాదు. ఇంటి చాకిరీ అంతా చేసే అత్త దగ్గర అమ్మ మాట చెల్లనిది ఆ ఒక్క వస్తువు మీదే. అందుకే అమ్మ కన్ను దాని మీద పడింది. నా గదిలో సగం అత్తకి ఇచ్చారని నాకూ కడుపుమంట.

"పోయినోల్ల గుడ్డ ఇంట్లో ఉంచకూడదొదినా," అంది అమ్మ మెత్తగా. "ఇప్పేసి ఉతికేస్తే అది ఆరిది కాదు, ఒట్టి ఊలు. పిల్ల ఏసుకుంటాది."

అత్త రెండు రోజులు దాన్ని గలీబులోంచి తియ్యలేదు. మూడో రోజు తనే తెచ్చి, తనే విప్పింది. ముడి ఎక్కడ వేసిందో ఆమెకే తెలుసు. పోగంతా చిలపగా, పొడుగాటి వదులు చుట్టగా చుట్టి నా ఒళ్లో పెట్టి, ఒక్కటే అడిగింది.

"ఉతక్కుండా అల్లించుకో తల్లీ. ఆరి వాసనింకా ఉందందులో."

విప్పిన ఊలు ఉతక్కపోతే వంకరలు పోవు, అల్లిక గతుకులుగా వస్తుంది. అది నిజమే. నేను ఉతికింది మాత్రం అందుకు కాదు. చచ్చిన మనిషి చెమట నా మెడకి తగలడమేమిటని రోత. అమ్మ చెప్పకముందే పెరట్లో బకెట్టు పెట్టి, సబ్బుపొడి రెండు గుప్పిళ్లు పోసి, ఊలు ముంచి పిసికాను. అత్త వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి చప్టా పక్కన నిలబడింది. ఏడవలేదు.

"ఆ నీల్లు పారబొయ్యకమ్మా. కాసేపుంచు."

ఆమె ముఖంలోకి చూస్తూనే బకెట్టు వంచాను. ఎర్రటి నీళ్లు కాలవలోకి పోయాయి.

"మురికినీల్లు ఏటి సేసుకుంటావత్తా?" అన్నాను. నాకు నవ్వు కూడా వచ్చింది. కొత్తనీళ్లు పట్టి మళ్లీ ఉతికాను.

ఆరిన ఊలు ఉండ చుట్టాలంటే, చిలపని రెండు చేతులకీ తగిలించుకుని కూర్చునే మనిషి కావాలి. అమ్మ అత్తనే కూర్చోబెట్టింది. చేతులు ముందుకు చాపి, మధ్యాహ్నమంతా కూర్చుంది. ముక్కు దురద పెడితే గోక్కోడానికీ లేదు. ఒకసారి మాత్రం తల వంచి, ఊలు దగ్గరికి ముఖం తెచ్చుకుంది. అమ్మ పోగు బిగించి లాగింది.

"కదలకండొదినా, సిక్కు పడిపోద్ది."

అమ్మ అల్లిన స్వెటర్ నాకు చక్కగా కుదిరింది. కావాలనే ముందు అత్తకి చూపించాను. మెడ దగ్గర సర్దుతున్నట్టు వంగి, అక్కడే కాసేపు ఆగింది.

"సబ్బు వాసనే వస్తంది," అంది. తర్వాత, "బాగుందమ్మా," అంది.

అత్త ఇప్పుడు లేదు. నేను సిగ్గుతో చస్తున్నానని చెప్పుకోడానికి ఇంకెవరూ లేరు. ఆ ఏడాది బరంపురంలో చలి పెద్దగా పడలేదు. ఆ స్వెటర్ నేను రెండు రోజులే వేసుకున్నాను.