పడవ బల్లకు వేసిన ముడి

మూర్ఛ వస్తే గోదావరిలో పడిపోకుండా, కొవ్వూరు రేవులో పడవెక్కగానే ఉత్తరీయంతో నడుమును బల్లకు కట్టేసుకున్నాను. తలకు చిల్లు పెడితే మూర్ఛలు పోవచ్చన్న రాజమండ్రి డాక్టరు దొరగారికి ఆ రోజు జవాబు చెప్పాలి. ఎదుటి బల్ల మీద ఒకాయన నాలాగే నడుముకు కట్టుతో కూర్చున్నాడు. నా ముడి చూసి, తలపాగా తీసి, కణత పైన గుంట చూపించాడు.

"దొరగారే చేశారండి. మూడేళ్లయింది, మళ్లీ మూర్ఛ రాలేదు."

"మరి ఈ కట్టేంటండి?"

"మా ఆవిడ రేవుకొచ్చి కట్టి వెళ్లిందండి. మూర్ఛ పోయిందంటే నమ్మదు."

రాజమండ్రి రేవు వచ్చింది. ముడితో కాసేపు పెనుగులాడి, "ఈ చెయ్యి అప్పట్నుంచీ స్వాధీనంలో లేదండి, కాస్త విప్పుతారా?" అన్నాడాయన.

విప్పాను. ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. నేను దిగలేదు, అదే పడవలో కొవ్వూరు తిరిగొచ్చేశాను.

ఇప్పటికీ పడవెక్కితే నా ముడి నేనే వేసుకుంటాను, నేనే విప్పుకుంటాను.