‘హీ’ అన్నప్పుడల్లా లేచి నిలబడ్డాను

రాసుకో అమ్మలూ, మెల్లిగా చెప్తాను. నా చిన్నప్పుడు చిలకలపూడి నుంచి బందరులో ఆడపిల్లల బడికి జట్కాలో వెళ్ళేదాన్ని. నాకప్పుడు పదేళ్ళు. లెక్కల్లో నన్ను మించినవాళ్ళు లేరు. పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేసేదాన్ని. ఇంగ్లీషు దగ్గరే వచ్చింది చిక్కంతా.

చిక్కంటే బుర్రకెక్కక కాదు. మా పంతులమ్మ గారు చక్కగా చెప్పేవారు. ఎవరో తెలియని మనిషైతే ‘ఎ మ్యాన్’ అనాలి, మనమెరిగిన మనిషైతే ‘ది మ్యాన్’ అనాలి అని కుండలూ చెంబులూ చూపించి మరీ నేర్పారు. అదంతా వచ్చేసింది. కానీ మా తాతయ్య గురించి నాలుగు ముక్కలు రాయమంటే ‘హీ’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అది తాతయ్యని పట్టుకుని ‘వాడు’ అన్నట్టే అనిపించింది. మనం వారు అంటాం కదా అని పలకంతా ‘దే’ అని నింపేశాను. పంతులమ్మ గారు అన్నీ కొట్టేసి, వచ్చే వారం బళ్ళు తనిఖీ చేసే పెద్ద దొరసాని పరీక్ష పెట్టడానికి వస్తుందనీ, ఆవిడ ముందు ఇలాగే అంటే పై తరగతికి పంపరనీ చెప్పారు. మా నాన్న అప్పటికే ఈసారి తప్పితే బడి మానిపించేస్తానని అని ఉన్నారు. ఆయన మాటంటే మాటే.

ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చున్నాను. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. తాతయ్య పేరు ఆవిడ నోట ఒక్కనాడూ రాలేదు. ఎవరైనా అడిగితే పైట భుజం నిండా కప్పుకుని, పక్కింటివాళ్ళ చేత చెప్పించేది. నా గోడు విని నవ్వింది.

“గౌరవం అంతా మాటలోనే ఉంటుందా పిచ్చిపిల్లా? ఆ మాటలో చోటు లేకపోతే ఒంట్లో చూపించు. లేచి నిలబడి అను. తాతయ్యకి అందుతుందిలే.”

నాకు కొండంత ధైర్యం వచ్చింది. పరీక్షనాడు దొరసాని, పిల్లలు భయపడకూడదని, ఒక్కొక్కరినీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేసింది. మీ తాతయ్య ఏం చేస్తారని నన్నడిగింది. లేచి నిలబడి ‘హీ’ అని మొదలుపెట్టి, వాక్యం అయ్యాక కూర్చున్నాను. నాన్న సంగతి అడిగితే మళ్ళీ లేచాను. నాయనమ్మ కోసం ‘షీ’ అంటూ ఇంకోసారి. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. పంతులమ్మ గారు ముఖం ఎర్రబడి దొరసానికి ఏదో సర్దిచెప్పారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయట గుర్రానికి గడ్డి వేస్తున్న మా జట్కావాణ్ణి చూపించి, అతనెవరు అంది. నేను కూర్చునే, తడుముకోకుండా, ‘హీ ఈజ్ ఎ మ్యాన్’ అన్నాను. సరేనని తలూపి కాగితం మీద ఏదో రాసుకుంది. నేను గట్టెక్కాను.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు వలుస్తున్న నాయనమ్మ దగ్గర కూర్చుని జరిగిందంతా గొప్పగా చెప్పాను. అంతా విని, జట్కా అతని మాట వచ్చినప్పుడు లేచావా అని అడిగింది. అతనికెందుకు లేవడం అన్నాను.

నాయనమ్మ చేతిలో పని ఆపలేదు. “మొన్న గాలివానలో తన గొంగళి నీకు కప్పి, తాను తడుస్తూ ఇంటికి చేర్చింది ఎవరే? దొరసాని భాషలో మీ తాతయ్యకీ అతనికీ ఒకటే మాట అంటివి. మాట ఒకటైనప్పుడు లేవడం ఒకరికేనా?”

రెండేళ్ళు రోజూ ఎక్కిన బండి. ఆ మనిషి పేరు నాకు తెలియదు. తెలియని మనిషికి పెట్టాల్సిన ‘ఎ’ పెట్టి వచ్చాను. దొరసాని తప్పు పట్టలేదు, పంతులమ్మ గారూ పట్టలేదు.

మర్నాడు జట్కా వచ్చేసరికి అరుగు మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఎవరొచ్చారోనని ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఎవరూ లేరు. మీ పేరేమిటండీ అని అడిగాను. ఆయన చెప్పడానికి కాస్త సిగ్గుపడ్డారు. దారంతా గుర్రాన్ని అదిలించలేదు, మెల్లిగా నడిపించారు. పిల్లలెందరో, కోడలి ఊరేదో, గుర్రం ఏమి ఇష్టంగా తింటుందో బడి వచ్చేలోపు అన్నీ తెలుసుకున్నాను.

నేర్చుకున్న ఇంగ్లీషు చాలామటుకు మర్చిపోయాను. లేవడం మాత్రం మర్చిపోలేదు. పాలబ్బాయి వచ్చినా, గ్యాసు బండ తెచ్చే అతను వచ్చినా లేస్తాను, పేరు అడుగుతాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, కూర్చోవే మామ్మా అని నువ్వు కసురుకుంటావు. అదిగో, తలుపు కొడుతున్నారు. ఆ కలం పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని లేపు.