కంబళి వేడి, జ్వరం వేడి

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. నెలల పాప నుదుటికి గురిపెట్టి చూసే మిషను ఏదో పెద్ద అంకె చూపించిందట. పాప ఒంటిమీద ఏముందని అడిగితే స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు, పైన దుప్పటి అని వరసపెట్టి చెప్పింది. అనంతపురంలో, నడి ఎండాకాలంలో! ముందు అవన్నీ తీసి, కాసేపాగి మళ్ళీ చూడమన్నాను. మారుమాట లేకుండా సరేనంది. ఫోన్ పెట్టేశాక నాకు మా అత్త గుర్తొచ్చింది.

తొంభైల చివర ఇదే పిల్లను, మూడు నెలలు నిండకముందే, పుట్టింటి నుంచి విడపనకల్లు దగ్గరి మా అత్తగారి ఊరికి తెచ్చాను. శనక్కాయ చేలమీదుగా వచ్చే వేడిగాలికి పెద్దవాళ్ళమే గడప దాటలేని రోజులవి. అయినా చంటిబిడ్డకు గాలి తగలకూడదని తలుపులు మూసి, తలకు ఉన్ని టోపీ తొడిగి, గొర్రెబొచ్చు కంబళిలో చుట్టిపెట్టడం ఆ ఇంటి పద్ధతి. ఒక మధ్యాహ్నం బిడ్డ ఒళ్ళు పెనంలా కాలుతుంటే అత్త జ్వరమని తేల్చేసి, వాతలు పెట్టే ముసలాయనను పిలిపించింది. ఆయన వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని సూది కాల్చసాగాడు. ఆ సూది నా బిడ్డ పొట్టమీద పడాలి.

నేను చదివింది ఏడో తరగతే. కానీ పెళ్ళికి ముందు కణేకల్ గ్రంథాలయంలో నేను తిరగేయని పుస్తకం లేదని ఇప్పటికీ తలెత్తుకుని చెబుతాను. అట్ట ఊడిన ఒక పిల్లల వైద్యం పుస్తకంలోని మాటలు అప్పుడు గుర్తొచ్చాయి: బట్ట ఒంటివేడిని బయటికి పోనివ్వదు, పసివాళ్ళకు ఆ వేడిని వదిలించుకునే శక్తి తక్కువ, కాబట్టి ముందు బట్టలు వదులు చేసి, చేతులూ కాళ్ళూ కాక మెడ వెనక, రొమ్ముమీద తాకి చూడాలి, అప్పటికీ వేడి దిగకపోయినా, పాలు తాగకపోయినా, అంత చిన్నబిడ్డను ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కంబళి లాగి అవతల పడేశాను.

"ఏమ్మే, గాలి సోకి బిడ్డకేమన్నా అయితే నీ పుస్తకమొచ్చి ఏడుస్తాదా?" అంది అత్త.

"చల్లబడకపోతే నేనే ఆస్పత్రికి ఎత్తుకపోతా అత్తా. సూది మాత్రం ఈ గడప దాటనియ్యను."

తలుపులు బార్లా తెరిచి, బిడ్డను ఒళ్ళో వేసుకుని గడపకు అడ్డంగా కూర్చున్నాను. భయం లేదని అనను, మాటిమాటికీ తాకి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి మెడ వెనక చల్లబడింది; బిడ్డ కళ్ళు తెరిచి ఆబగా పాలందుకుంది. "పుల్లలన్నీ దండగ చేస్తివి గదమ్మా" అని గొణుగుతూ ముసలాయన వెళ్ళిపోయాడు. అత్త చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ రోజు నోరెత్తినందుకు నాకు ఈనాటికీ రవ్వంత విచారం లేదు.

వానాకాలంలో బిడ్డ ఒళ్ళు మళ్ళీ కాలింది. ఈసారి నాకంటే ముందు అత్తే బట్టలు విప్పి, కాసేపు చూసి, మెడ వెనక చెయ్యి పెట్టింది.

"దిగలేదే. ఇది కంబళి వేడి కాదు, జరమే. పాలు గూడా పట్టలేదు. లెయ్, బస్సుకు పోదాం పా."

ఆస్పత్రిలో డాక్టరమ్మ వేళకు తెచ్చారని మెచ్చుకుంటే ఆ మెప్పంతా అత్తే తీసుకుంది. తీసుకోనీ అనుకున్నాను.

ఇప్పుడు అత్త లేదు. ఆ కంబళిని పురుగులు కొట్టేశాయి. సాయంత్రం అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసి, పాప ఒళ్ళు చల్లబడిందని, పాలు తాగి ఆడుకుంటోందని చెప్పింది. సంతోషమే. కానీ ఎందుకమ్మా, నీకెలా తెలుసు అని ఒక్క ముక్క అడగలేదు. అత్త కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చున్నాను; నాకు అడ్డం తిరిగేవాళ్ళే లేరు.