తువ్వాలు ముడి

మొన్న పిట్టల్ని చూడ్డానికి వెళితే, గట్టు దిగి నీళ్ల దగ్గరికి వెళ్లొద్దని చెప్పి, గేటు దగ్గర నా మణికట్టుకి కాగితం పట్టీ చుట్టారు. అది చేతికి బిగుసుకోగానే నాన్న తువ్వాలు గుర్తొచ్చింది.

జంషెడ్‌పూర్‌లో నైట్ షిఫ్ట్ దిగిన ఆదివారాలు, నాన్న ఇంటికొచ్చి టీ తాగి, నన్ను సైకిలెక్కించుకుని డ్యాముకి తీసుకెళ్లేవాడు. చలికాలంలో అక్కడికి బాతులొచ్చేవి. "బచ్చీ కా హాథ్ మత్ ఛోడ్నా," పాప చెయ్యి వదలొద్దని కాపలా తాత ప్రతిసారీ హెచ్చరించేవాడు. రాతిమెట్ల మీద కూర్చోగానే, నాన్న గ్రీజు వాసన కొట్టే తన తువ్వాలుతో నా చేతినీ తన చేతినీ కలిపి కట్టేవాడు.

"ఏటి నాన్నా ఇది?"

"ముడి ఇప్పకమ్మా. ఇప్పితే పిట్టలన్నీ లేసిపోతాయి."

నమ్మాను. చెయ్యి తిమ్మిరెక్కినా కదిలేదాన్ని కాదు. నాన్న మాత్రం మోకాళ్ల మీద తల వాల్చి నిద్రపోయేవాడు. ఇంత దూరం వచ్చి పిట్టల్ని చూడడేమిటని విసుగొచ్చేది. నేను నీళ్లలోకి జారితే తనకి మెలకువ రావాలనే ఆ ముడి వేసేవాడని, నేనూ షిఫ్టులు చేసి ఒళ్లు హూనమయ్యాక గాని తెలియలేదు.

ఒకరోజు ముడి దానంతటదే ఊడిపోయింది. ఒక్క బాతు కూడా ఎగరలేదు. లేపి అడుగుదామనుకున్నాను. నాన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తువ్వాలు కొసని పళ్లతో పట్టి లాగి, ముడి మళ్లీ నేనే వేశాను.

బయల్దేరేటప్పుడు దాన్ని విప్పుతూ నాన్న, "సూసావా, ఒక్కటీ ఎల్లిపోలేదు," అన్నాడు.

ఔనన్నట్టు తలూపాను.