డస్ట్‌బిన్‌కి అర్థం చెప్పబోయి

పెళ్లిచూపుల్లో నోరు జారినవాళ్లు చాలామందే ఉంటారు. పిల్లనిస్తామన్న ఇంటిని చెత్తడబ్బాలో వేసి, అక్కణ్ణించి గొడ్లపాకకి తోలి, ఆపైన సమాధుల దొడ్డిదాకా సాగనంపినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. అదీ పది నిమిషాల్లో.

అరవైల చివర్లో మాట. తెనాలిలో కొత్తగా ఇంగ్లీషు మేష్టరునయ్యాను. మాటల పుట్టుక చెప్పే లావుపాటి పుస్తకమొకటి చదివి, ఆ చదువుని కనపడినవాళ్లందరి మీదా ఒలకబోస్తూ తిరిగే రోజులు. రేపల్లె దగ్గర ఒక ఊళ్లో కరుణ అనే అమ్మాయిని చూడ్డానికి మా బావని తోడు తీసుకుని వెళ్లాను. వాళ్ల నాన్న రైతు, చర్చిలో సంఘపెద్ద. కాఫీలయ్యాక మమ్మల్ని వసారాలోకి తీసుకెళ్లి, వెదురు గాదె మీద చెయ్యేసి మురిసిపోయారు.

"మా నాన్న అల్లించిందండి. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు మేష్టారూ?"

"బిన్ అంటారండి."

పక్కనున్న కరుణ మేనత్త సారమ్మగారు ఉలిక్కిపడింది. "స్టేషన్లో చెత్తేసే డబ్బా మీద రాసుంటది, డస్ట్‌బిన్ అని. ఆ బిన్నేనా?"

"అదేనండి!" అన్నాను హుషారుగా.

పెద్దాయన గాదె మీంచి చెయ్యి తీసేశారు. "మా వడ్లు చెత్తంటారా?"

మా బావ నా కాలు తొక్కాడు. నేను కాలు పక్కకి జరుపుకుని మరీ చెప్పాను. "కాదండి. పాతకాలంలో బిన్ అంటే గొడ్లకి మేతేసే తొట్టి కూడానండి."

"అయితే మేం గొడ్లమా?"

"అది కాదండీ! ఆ డస్ట్ అంటే బూడిద. ఇంగ్లండులో పొయ్యి బూడిద ఎత్తిపోసే డబ్బా అది..."

"బూడిదా!" సారమ్మగారు గుండె పట్టుకుంది. "అన్నయ్యా, పెళ్లిచూపులకొచ్చి బూడిదకి బూడిద, మంటికి మన్ను అని సమాధి ప్రార్థన చదువుతున్నాడేంటి ఈ అబ్బాయి!"

పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "నాలుగింటికి తెనాలి బండుందండి" అన్నారు. అంత మర్యాదగా నన్నెవరూ గెంటలేదు.

అప్పుడొచ్చింది కరుణ, అందాకా తలెత్తి చూడని పిల్ల.

"మేతేసే తొట్టంటే అంత కోపమెందుకు నాన్నా? క్రిస్మస్‌కి చర్చిలో చదివేది మీరేగా. పుట్టగానే ప్రభువుని పడుకోబెట్టింది దేంట్లో?"

సంఘపెద్దగారికి ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, చివరికి గాదె పట్టుకుని ఊగిపోతూ నవ్వారు. సారమ్మగారు మాత్రం గుండె మీంచి చెయ్యి తియ్యలేదు.

"నీకిష్టమేనా అమ్మా?" అనడిగారు కూతుర్ని.

"ఇష్టమే నాన్నా. కాకపోతే మాటలకి అర్థాలు నేనడిగినప్పుడే చెప్పాలి."

వసారాలో అందరి ముందూ కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఆవిడ అడగందే ఏ మాటకీ అర్థం చెప్పనుగాక చెప్పను.

యాభై ఏళ్లు దాటింది. ఆవిడ ఇంతవరకూ అడగలేదు.