గాజుపెట్టెలో పాచి

మా అత్తకు పాచి అంటే పడదు. తెల్లవారాక ఊడ్చని వాకిలి పాచి, కడగని ముఖం పాచి, రాత్రి తోమకుండా వదిలేసిన గిన్నె పాచి. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లోని ఆ ఇంట్లో పొద్దు పైకొచ్చేసరికి పాచి అన్నది ఎక్కడా మిగలకూడదు. అలాంటి ఇంట్లో, ముందుగది కిటికీ పక్కన, నేను ఉప్పునీళ్ళ గాజుతొట్టి పెట్టుకున్నాను. దానికి పాచి పట్టింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. మద్రాసులో మా ఆఫీసు సముద్రానికి దగ్గర. నాతో పనిచేసే రామేశ్వరం ఆవిడ ఊరినుంచి వస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో తెల్లపట్టీల నారింజరంగు చేపల జంటనూ, వాటి ఇంటినీ తెచ్చి ఇచ్చింది. ఆ ఇంటిని వాళ్ళు కడల్ తామరై అంటారు, సముద్రపు తామర. చూడటానికి పువ్వే, కానీ ప్రాణి. రాయిని కరిచిపట్టుకుని కూర్చుని రేకులు ఆడిస్తూ ఉంటుంది. వేరే చేప తాకితే కుడుతుంది, ఈ జంటను మాత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది. నాకు దానిమీద పిచ్చి పట్టింది. సాయంత్రం రైల్లో క్యాన్లతో సముద్రపు నీళ్ళు మోసుకొచ్చేదాన్ని. ఆడవాళ్ళ కంపార్ట్‌మెంట్‌లో "యేమ్మా, తిరువళ్ళూరులో ఉప్పు దొరకదా?" అని నవ్వేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోనీ అని నేను క్యాన్ మీదే కూర్చునేదాన్ని.

ఆ ఎండాకాలం మొదట అద్దం మీద పచ్చటి పొర వచ్చింది. తర్వాత రాళ్ళమీద వెంట్రుకల్లా మొలిచింది. పాత బ్లేడుతో అద్దం గీకాను. పళ్ళు తోముకునే బ్రష్షుకు చుట్టి చుట్టి రాళ్ళమీది పాచిని పీకాను. ఎండా, చేపలు వదిలేసిన మేతా దాని తిండి అని అర్థమయ్యాక కిటికీకి దుప్పటి కట్టాను, మేత తగ్గించాను, నీళ్ళు మార్చాను. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగేది. పువ్వు కూర్చున్న రాయి అంచుదాకా పాకింది. ఇంకాస్త పాకితే పువ్వు ముడుచుకుని చచ్చిపోతుందని నాకు తిండి సయించేది కాదు.

ఇంతలో ఆడి నెల, అమ్మవారి జాతర్ల నెల, వచ్చింది. కనకమ్మ సత్రం అనే ఊరినుంచి అత్త చెల్లెలు, వాళ్ళ ఇంటివాళ్ళు పెరియపాళయం అమ్మవారి గుడికి పోతూ మా ఇంట్లో దిగడం మామూలు.

"వాళ్ళొచ్చే లోపల ఆ గాజుపెట్టె సుత్తంగా ఉండాల. లేదంటే కాలవలో కుమ్మరించేస్తా. ఇంట్లో పాచి పెట్టుకోని అమ్మోరికి దీపం పెట్టేదానికి సిగ్గుగా ఉండాది నాకు," అంది అత్త.

ఆవిడ అన్నదంటే చేస్తుంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పేపర్లో తల దూర్చాడు.

సరిగ్గా అప్పుడే తిరుత్తణిలో మా అమ్మకు జ్వరమని కబురొచ్చింది. వెళ్ళక తప్పలేదు. తొట్టిమీద నేను గీసిన గీతను అత్తకు చూపించి, "నీళ్ళు ఆవిరై దీనికింద దిగితే చెంబుడు బావినీళ్ళు పొయ్యండత్తా. ఇంకేమీ తాకొద్దు," అన్నాను. అత్త "ఊఁ" అంది. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

తిరిగొచ్చిన రోజు తిరుత్తణి కొండకు వచ్చిన ఆడి కృత్తిక పండగ జనం. కావడుల మధ్య ఇరుక్కుని రైల్లో నిలబడి వచ్చాను. అత్త పెట్టెను కాలవలో పోసేసి ఉంటుందనే దారంతా అనుకున్నాను.

పెట్టె ఉంది. అద్దం తళతళలాడుతోంది. రాళ్ళమీది పాచి తెల్లబారి పోగులుగా రాలిపోతోంది. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. అప్పుడు ఇసుకలో ఎర్రగా ఏదో మెరిసింది.

"రాగి కాసులు," అంది అత్త వెనకనుంచి. "చింతపండేసి తోమి ఏసినాను. రాగి బిందెలో నీళ్ళు ఎప్పుడన్నా పాచి పడతాయా? మా పుట్టింట్లో బావికే కాసులేస్తా ఉణ్ణారు. నువ్వు గీకి గీకి సస్తా ఉండావే, అందికే ఏసినా."

ఆ కాసులు నాకు తెలుసు. వాళ్ళమ్మ ఇచ్చినవి. దేవుడి గూట్లో పసుపుగుడ్డలో ఉండేవి, కన్నకొడుకును కూడా ముట్టుకోనిచ్చేది కాదు. రాగి పాచిని చంపుతుంది, నిజమే. ఉప్పునీళ్ళలో కరిగి ఆ పువ్వులాంటి ప్రాణుల్నీ చంపుతుంది. పువ్వు రేకులన్నీ లోపలికి పోయి, నోరు తెరుచుకుని, రాయిమీద ఒరిగి ఉంది.

నా కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. చంపేశారు కదత్తా అనే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు.

"రాండి, రాండి," అని అత్త ఎదురెళ్ళింది. "మా కోడలు పెంచే సముద్రం చూద్దురు రాండి!"

అంతకుముందు ఆవిడ నోట దానికి గాజుపెట్టె తప్ప వేరే పేరు లేదు. వచ్చిన మాటను మింగేశాను.

మోచేతిదాకా చెయ్యి పెట్టి కాసులు తీసేశాను. క్యాన్లో మిగిలిన సముద్రపు నీళ్ళు బకెట్లో పోసి, పువ్వును రాయితో సహా అందులో పెట్టి పెరట్లోకి మోసుకెళ్ళాను. ఎవరూ చెప్పకుండానే మా ఆయన ఖాళీ క్యాన్లు పట్టుకుని మద్రాసు రైలుకు పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తగలడని నాకు అప్పుడే తెలిసింది. తొట్టిలో చేపలు రెండూ ఖాళీ అయిన చోటునే తిరుగుతున్నాయి.

"పువ్వుండాది అంటివే, యాడక్కా?" అని అత్త చెల్లెలు అడిగింది. అత్త నా వైపు చూసింది.

"నీళ్ళు మార్చేదానికి పెరట్లో పెట్టినా పిన్నత్తా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళేసరికి అత్త బకెట్ దగ్గర నిలబడి ఉంది. చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పువ్వు కరిగిపోయి, నీళ్ళు తెల్లగా విరిగి కంపు కొడుతున్నాయి.

"రాగి పడదా దానికి?"

"పడదత్తా."

"బాగు చేస్తా ఉండాననుకుంటిని," అంది. ఒంట్లో నలతగా ఉందని చెప్పి ఆరోజు చుట్టాలతో గుడికి పోలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పువ్వు కోసమా, ఆవిడ కోసమా అంటే చెప్పలేను.

తర్వాత మా ఆయనా నేనూ నీళ్ళు మోస్తూ, మారుస్తూ వచ్చాం. కొన్నాళ్ళకు రాగి పోయినట్టుంది, పాచి తిరిగొచ్చింది. కడిగి మళ్ళీ లోపల పెట్టిన పువ్వు రాయిమీదే ముందుగా గుబురుగా పెరిగింది. ఒకరోజు పొద్దున బ్రష్షు పట్టుకుని తొట్టిలో చెయ్యి పెట్టాను. వాకిలి ఊడ్చి చీపురుతోనే లోపలికొచ్చిన అత్త నా మణికట్టు పట్టుకుంది.

"దాన్ని తాకొద్దు."

"పాచి కదత్తా?"

"లోపల చూడు."

వంగి చూశాను. ఆ పచ్చటి గుబురులో చేపలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని, పువ్వు ఒళ్ళో పడుకున్నట్టే పడుకుని ఉన్నాయి.

"అద్దం గీక్కో. అది మటుకు ఉండనీ," అని అత్త చీపురు మూల పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో పొద్దెక్కాక మిగిలిన పాచి అదొక్కటే.