గుండె ఫోటోలో పుస్తెలు

సంగారెడ్డిలో మా ఆసుపత్రికి వచ్చే పల్లెజనం జయశీలను పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. అందరికీ ఆమె ఫోటోలమ్మ. ఎక్స్‌రే గది ఆమెది. పక్కన కిటికీలకు నల్లరంగు పూసిన చీకటిగది ఆమెది. ఫిల్ములు కడిగే మందునీళ్ల వాసన కూడా ఆమెదే, ఎన్ని చీరలు మార్చినా వదిలేది కాదు. నేను మందులిచ్చే కాంపౌండర్ని. మా గదుల నడుమ ఒకటే గోడ, అందుకని ఆమె నోటి పదును నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఊపిరి బిగబట్టమన్నప్పుడు ఎవరైనా దగ్గితే "సంతల ఉన్నవా, దవాఖానల ఉన్నవా?" అని కసిరేది. ఫిల్ము మసకగా వస్తే మాత్రం రోగిని ఒక్క మాట అనేది కాదు. తననే తిట్టుకుని మళ్లీ తీసేది.

ఆ పట్టుదల ఎక్కడిదో మాకు తెలుసు. ఆమె భర్త అహరోను బడిపంతులు. తలనొప్పి, తలనొప్పి అంటూనే మంచం పట్టి, చూస్తుండగానే పోయాడు. పుర్రెకు ఎక్స్‌రే తీస్తే ఎముక కనిపించింది, దాని వెనక ఏముందో కనిపించలేదు. ఆయన పోయిన ఏడాదే జయశీల మిషన్ ఆసుపత్రికి వెళ్లి ఈ పని నేర్చుకుంది. చాలా ఏళ్లకు, డెబ్బైల్లో, మెదడును పొరలు పొరలుగా ఫోటో తీసే యంత్రం విదేశంలో వచ్చిందని మా డాక్టరమ్మ పత్రికలో చదివి చెప్పింది. మేమంతా నోళ్లు తెరిచి విన్నాం. జయశీల మాత్రం "జెర ముందు రావాల్సుండె" అని లేచి చీకటిగదిలోకి పోయింది. లోపలి జబ్బు కంటికి కనిపించకపోవడమంటే ఆమెకు పగ.

ఇక ఆదిలక్ష్మి సంగతి. అరవై ఎనిమిదిలో ఎండాకాలం ముదిరిన రోజులు. ఇంద్రేశం నుంచి మల్లమ్మ అనే పెద్దావిడ తన కోడలిని బస్సులో తీసుకొచ్చింది. ఆ పిల్లే ఆదిలక్ష్మి. ఇరవై దాటి ఉండదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదట. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని మొహం గంభీరంగా పెట్టింది. గుండెలో ఒక తలుపు బిగుసుకుపోయినట్టుందని, హైదరాబాదులో ఆపరేషన్ చేసి దాన్ని తెరవగలరని, అయితే మంచి ఫోటో ఉంటేనే వచ్చే గురువారం పెద్ద డాక్టరు చూస్తాడని చెప్పింది. ఆ గురువారం తప్పితే ఎప్పుడో ఆమే చెప్పలేకపోయింది. ఆ పిల్ల నీలం తిరిగిన పెదవులు చూస్తే అంతవరకు ఆగేలా కనిపించలేదు.

ఫోటో తీయడానికి పుస్తెలు అడ్డం. రొమ్ము మీద, సరిగ్గా గుండె మీదే వేలాడుతున్నాయి. తీయమంటే మల్లమ్మ తోక తొక్కిన తాచులా లేచింది. కొడుకు బతికుండగా కోడలి మెడ బోసిగా ఉంచడమా? చివరికి తానే ఒక ఉపాయం చెప్పి, పుస్తెలను వీపు మీదికి వేసింది. ఎంత చెప్పినా వినకపోయేసరికి జయశీల పళ్లు కొరుక్కుంటూ అలాగే తీసింది. ఎక్స్‌రేకు ముందూ వెనకా తేడా ఉంటుందా? తడి ఫిల్ము వెలుతురుకు పెడితే గుండె నీడలో రెండు పుస్తెలు తెల్లగా మెరుస్తున్నాయి.

మల్లమ్మ వాటిని చూసి చేతులు జోడించింది. "సూసినవా, ఏడ పెట్టినా పుస్తెలు గుండెల మీదికే వచ్చినయి. నా కోడలికి ఏం గాదు!"

నాకు నవ్వొచ్చింది. జయశీలకు రాలేదు. రెండోసారి తాడును పళ్లతో పట్టుకోమంది. కానీ ఆ ఫోటోకు సున్నపునీళ్లలాంటి తెల్లమందు మింగాలి. గుండెలో గది ఉబ్బి ఉంటే దాని వెనకున్న అన్నవాహిక పక్కకు వంగుతుంది. మందు దిగేటప్పుడు ఆ వంపు కనిపిస్తుంది. నోరు తెరవక ఎట్లా మింగుతుంది? మింగగానే దగ్గింది, తాడు జారింది. ఆ ఫిల్మూ పోయింది.

డాక్టరమ్మకు కోపం ఆగలేదు. మూఢనమ్మకాలని కేకలేసింది. మల్లమ్మ అంతకు రెండింతలు అరిచింది.

"తీసి ఎవలి చేతుల పెట్టాలె? మొగడు లేనిదాని చేతులనా?"

నా ఒళ్లు మండింది. ముసలిదాని చెయ్యి పట్టుకుని బయటికి నెడదామనుకున్నాను. జయశీల నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత మల్లమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది.

"సరే అవ్వ, నేను ముట్ట. తాడు పెరిగితే పుస్తెలు బాగు చేయనీకి ఔసలాయనకు ఇస్తరు గద. అప్పుడు మెడల ఏం కడ్తరు?"

"పసుపు కొమ్ము."

"గదే కడదాం."

మల్లమ్మ ఇరుక్కుంది. అయినా ఇంకో అడ్డుపుల్ల వేసింది. "నా కొడుకు కట్టాలె. వాడు కార్ఖానాల ఉన్నడు. కొత్త నౌకరి, రాడు."

"వస్తడు," అంది జయశీల. కొంగు నడుముకు దోపి బయల్దేరింది. కంది దాటి, పటాన్‌చెరు దాటి, కార్ఖానా దాకా నిండు బస్సులో నిలబడే పోయింది.

అక్కడేం జరిగిందో తర్వాత కాశీనాథే చెప్పాడు. ఆదిలక్ష్మి మొగుడు. గేటు జవాను "ఛుట్టీ కే బాద్ ఆనా, అమ్మా" అని, పని వదిలాక రమ్మన్నాడట. ఈమె గేటుకు అడ్డంగా, లారీలు పోయే దారిలో కూర్చుందట. లారీ డ్రైవర్లు హారన్లు మోగించి మోగించి అలిసిపోయాక, కాశీనాథ్‌ను పిలిపించారు. చేతులకు నూనెతో వచ్చి "నౌకరి పోతది మేడం" అని గొణిగాడు.

"లగ్గంనాడు తాడు కట్టేటప్పుడు గూడ గిట్లనే డ్యూటీకి పోయినవా?" అని అడిగిందట జయశీల. జవాను నవ్వాడు, వెనకున్న కూలీలు నవ్వారు. సూపర్‌వైజరు కూడా నవ్వాపుకోలేక చీటీ రాసిచ్చాడు.

ఆ సాయంత్రం మా వరండాలో పెళ్లి జరిగింది, ఇంకేమనాలి! దారిలో బజారులో కాశీనాథ్ కొన్న పసుపు కొమ్మును నేనే దారానికి కట్టాను. వార్డులో లేవగలిగిన ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. కాశీనాథ్ కొమ్ము కట్టి, ఆ తర్వాతే బంగారం తీశాడు. పుస్తెలను గుప్పిట్లో పట్టుకుని గుమ్మం బయట నిలుచున్నాడు. జయశీల దూరంగా గోడవారన నిలబడి, అంతా అయ్యాకే దగ్గరికొచ్చింది. ఆమెను అలా చూడడం నాకు కష్టంగా ఉండింది.

"మింగు బిడ్డా. ఊపిరి బిగబట్టు."

ఫిల్ము అద్దంలా వచ్చింది. కొమ్ము నీడ వెతికితే తప్ప దొరకలేదు. అన్నవాహిక వంపు మాత్రం కొడవలిలా తేటగా కనిపించింది. గురువారం పెద్ద డాక్టరు ఆ ఫోటో చూసి ఆదిలక్ష్మిని అక్కడే చేర్చుకున్నాడు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. ఆపరేషన్ తర్వాత గుండె ఎట్లుందో చూడాలని డాక్టరమ్మ రమ్మంది. ఆదిలక్ష్మి బస్టాండు నుంచి నడిచే వచ్చింది, ఆయాసం లేదు. కాశీనాథ్ రాలేదు. ఇంట్లోనే పసుపు కొమ్ము కట్టి పంపాడట.

ఎక్స్‌రే గదిలో మల్లమ్మ కోడలి మెడలోంచి పుస్తెలు తీసింది. పట్టుకోవడానికి నేను చెయ్యి చాచాను. ఆమె నా చేతిని పక్కకు నెట్టి, జయశీల అరచెయ్యి తెరిచి అందులో పెట్టింది.

"ఇవి నిలవెట్టింది నువ్వు. నీ చేతులనే ఉండనీ," అంది.

జయశీల గుప్పిలి మూసి, ఇంకో చేత్తో మీట నొక్కింది. ఊపిరి బిగబట్టమని చెప్పడం మరిచిపోయింది. ఫిల్ము మసకగా వచ్చింది. మళ్లీ తీసింది. ఆ రోజు మాత్రం తనను తాను తిట్టుకోలేదు.